ఓనరుని, కొనేవాళ్లని ఎదురెదురుగా కూర్చోబెట్టడానికి భయమెందుకు?

నెల్లూరులో స్థలం అమ్మకానికి పెడితే ఏజెంటు నోటి నుంచి మొదట వచ్చే మాట ఇది: "నీకెంత రావాలో చెప్పమ్మా, పైన సంగతి నేను చూసుకుంటా." ఈ ఒక్క మాటకు మనం తల ఊపడం మానేస్తే చాలు, స్థలాల వ్యాపారంలో జరిగే మోసం సగానికి సగం ఆగిపోతుందని నా గట్టి నమ్మకం. ఒంగోలులోనూ ఇదే తంతు. అక్కడ గజాల్లో, సెంట్లలో మాట్లాడతారు, ఇక్కడ 72 చదరపు అడుగుల అంకణాల్లో, అంతే తేడా.

వినడానికి ఆ మాట ఎంతో బాగుంటుంది. మనకు రావాల్సింది మనకు వస్తుంది, మిగతా తలనొప్పి ఆయన పడతాడు అనిపిస్తుంది. కానీ ఒకసారి తల ఊపామంటే ఆ మనిషి మన తరఫున బేరం చేసేవాడు కాదు. మన దగ్గర చవగ్గా తీసుకుని ఇంకొకళ్లకు ఎక్కువకు అమ్ముకునే వ్యాపారి. ఆ పైన కమీషన్ కూడా అడుగుతాడు, అదీ ఇద్దరి దగ్గరా.

మా అత్తయ్యకు పొదలకూరు రోడ్డు వైపు 36 అంకణాల ఇంటి స్థలం ఉండేది. మామయ్య సర్వీసులో ఉండగా కొన్నది. కూతురి పెళ్లికని అమ్మకానికి పెట్టింది. ఏజెంటు కొత్తవాడేం కాదు, వీధిలో అందరికీ కావలసినవాడే. "మార్కెట్ డల్‌గా ఉందమ్మా, ఇంతకు మించి ఎవరూ రారు" అని అంకణం 80 వేలకు ఒప్పించాడు. కొనేది ఎవరని అడిగితే, "పార్టీ బెంగుళూరులో ఉంటాడు, నేను మాట్లాడుకుంటాగా" అన్నాడు. డబ్బు కూడా ఆయన చేతి మీదుగానే నడిచింది.

రిజిస్ట్రేషన్ రోజు ఆఫీసు వరండాలో అందరూ వేలిముద్రల పిలుపు కోసం కూర్చున్నారు. ఏజెంటు ఏదో జిరాక్స్ కావాలని రోడ్డు మీదికి వెళ్లాడు. అప్పుడు కొనేవాళ్లావిడ మా అత్తయ్య పక్కకు జరిగి, "95 వేలకు ఒక్క రూపాయి కూడా తగ్గనన్నారంట కదమ్మా! మేమూ ఆడపిల్ల గలవాళ్లమే, కొంచెం చూసుండొచ్చు కదా" అంది. ఆ అంకె మా అత్తయ్య వినడం అదే మొదటిసారి. అగ్రిమెంటు మీద ఎప్పుడో సంతకం పెట్టింది, అడ్వాన్సు పెళ్లి పనులకు ఖర్చయిపోయింది. నోరు మూసుకుని వేలిముద్ర వేసి ఇంటికొచ్చింది.

అంకణానికి 15 వేల చొప్పున 36 అంకణాలకు 5 లక్షల 40 వేలు. రెండు వైపులా పుచ్చుకున్న కమీషన్ ఇందులో కలపలేదు. 95 వేల లెక్కన మొత్తం ధర 34 లక్షల 20 వేలు. దాని మీద రెండు శాతం కమీషన్ అంటే 68,400. అది దర్జాగా అడిగి తీసుకుంటే ఇవ్వనన్నదెవరు? దస్తావేజులో చూపించింది ప్రభుత్వ విలువే కాబట్టి ఈ 5 లక్షల 40 వేలు ఏ కాగితం మీదా కనపడవు.

ఏజెంట్లు వద్దని నేను అనను. మంచి ఏజెంటు చేసే పని చిన్నది కాదు. ఏ స్థలం మీద అన్నదమ్ముల పేచీ ఉందో, ఏ ఓనరు చెన్నైలో ఉంటాడో, ఏ లేఅవుట్‌లో రోడ్డు కాగితం మీద 30 అడుగులుండి నేల మీద 20కి తగ్గిందో అతనికే తెలుస్తుంది. బయటి ఊరివాళ్లకు ఇది మరీ అవసరం. నెల్లూరులో అంకణం అంటే 72 చదరపు అడుగులు, తిరుపతిలో 36. అటునుంచి వచ్చి ఇక్కడి రేటు వింటే గుండె గుభేలుమంటుంది. ఇలాంటివి విడమర్చి చెప్పే మనిషికి రెండు శాతం ఇవ్వడం న్యాయమే.

మా స్నేహితుడొకడు కోవూరు వైపు స్థలం చూసుకున్నాడు. వాడికి నచ్చింది, రేటూ కుదిరింది. ఏజెంటే వచ్చి, "సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల్లో ఉందన్నా, రిజిస్టర్ కాదు, టోకెన్ అడ్వాన్సు ఇవ్వొద్దు" అని ఆపాడు. చేతికొచ్చే కమీషన్ వదులుకున్నాడు. ఆ మనిషికి ఇప్పుడు మా వాళ్లలో ఎవరు ఇల్లు కొన్నా కబురు వెళుతుంది.

నాకు ఒళ్లు మండేది అగ్రిమెంటు ఆటతో. ఓనరు చేతిలో లక్షో రెండు లక్షలో పెట్టి, బామ్మర్ది పేరునో ఇంకెవరి పేరునో మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాయించుకుంటారు. ఆ గడువులో ఎక్కువకు ఇంకొకరికి అంటగడతారు. రామాయపట్నం పోర్టు అనో దగదర్తి ఎయిర్‌పోర్టు అనో పేపర్లో వార్త వచ్చిందంటే, ఆ చుట్టుపక్కల పొలాలు ఒక్క రిజిస్ట్రేషన్ కూడా లేకుండా చేతులు మారతాయి. ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది, అమ్మకపు ఒప్పందం ఒక్కదాంతో ఆస్తి మీద హక్కు రాదు. మనం డబ్బు కట్టేది ఆ హక్కు లేని మనిషికి. చివర ఉన్నవాడు తప్పుకుంటే వరసలో అందరి అడ్వాన్సులూ ఇరుక్కుంటాయి.

రియల్ ఎస్టేట్ వ్యాపారాన్ని అదుపు చేసే రెరా చట్టం ఉంది కదా అంటారు. 2016 నాటి ఆ చట్టం మంచిదే. రిజిస్టర్ చేయాల్సిన లేఅవుట్‌లో ప్లాట్లు అమ్మే ఏజెంటు తానూ రెరాలో రిజిస్టరై ఉండాలి, లేకపోతే రోజుకు పదివేల చొప్పున జరిమానా. అందుకే కొత్త వెంచర్లో ప్లాటు చూపించడానికి వచ్చిన ఏజెంటును రెరా నంబరు అడగాల్సిందే. కానీ వేదాయపాళెంలో పాత ఇల్లు, పదేళ్ల కింద కొన్న ప్లాటు లాంటివి ఒకరి నుంచి ఒకరికి అమ్ముకునేటప్పుడు ఆ చట్టం మధ్యలోకి రాదు. మా అత్తయ్యకు జరిగింది అలాంటి అమ్మకంలోనే. అక్కడ మనమే గట్టిగా ఉండాలి.

అడ్వాన్సుకు ముందే ఓనరుని, కొనేవాళ్లని ఒకచోట కూర్చోబెట్టమని అడగండి. రేటు ఇద్దరి ముందూ పలకాలి, కమీషన్ ఎంతో కూడా అక్కడే తేలాలి. డబ్బు బ్యాంకు ద్వారా నేరుగా ఓనరు ఖాతాకే వెళ్లాలి. స్థలం అడ్వాన్సుగా 20 వేలు, ఆ పైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఎటూ నిషేధమే. ఈసీ (స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం), 22ఏ జాబితా ఏజెంటు చెప్పాడని వదిలేయకుండా ఆన్‌లైన్‌లో మీరే చూసుకోండి. "మీరిద్దరూ కలిస్తే నన్ను పక్కన పెట్టేస్తారు" అని ఏజెంటు అంటే, ఆ భయంలో నిజం ఉంది. కమీషన్ ఎగ్గొట్టడానికి వెనకదారిన కలిసేవాళ్లు మనలోనే బోలెడంతమంది. అందుకని కమీషన్ ముందే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి. అతని కష్టానికి ఆ భరోసా మనం ఇవ్వాలి.

బెంగుళూరులో ఉద్యోగం చేసే మా పెదనాన్న కొడుకు ఇప్పుడు హరనాథపురంలో ఇల్లు చూస్తున్నాడు. ఓనరు ఫోన్ నంబరు ఇవ్వని ఏజెంటుకు రూపాయి కూడా ఇవ్వొద్దని చెప్పాను. మొదటి ఏజెంటు కోపం తెచ్చుకుని ఫోన్ పెట్టేశాడట. రెండో ఆయన "దానిదేముంది సార్, ఆదివారం ఓనరు ఇంటికే పోదాం రండి" అన్నాడు.