సోలార్ పలకలు ఎవరి నేలలో?

ఇంజినీరింగ్ చదువుతున్న మా వీధి కుర్రాడు మొన్న శ్రీకాకుళంలో నాగావళి గట్టు మీద ఫోన్‌లో ఒక బొమ్మ చూపించాడు. మేడల మీంచి జారే పచ్చటి తీగలు, ప్రతి కప్పు మీదా సోలార్ పలకలు, తేటగా పారే ఏరు. "భవిష్యత్తుని ఇలా ఊహించే కథల్నీ బొమ్మల్నీ సోలార్‌పంక్ అంటారు మాస్టారూ. మన ఊరూ ఇలా ఉంటే ఎంత బాగుణ్ణు!" అన్నాడు. బొమ్మ నాకూ నచ్చింది. కానీ అందులో పని చేస్తున్న మనిషి ఒక్కడూ లేడు.

సైన్స్ ఫిక్షన్‌కి, తిరుగుబాటుని సూచించే ఈ పంక్ తోక 1980లలో తగిలింది. 1983లో బ్రూస్ బెత్కీ కథ 'సైబర్‌పంక్', మరుసటేడు విలియం గిబ్సన్ నవల 'న్యూరోమాన్సర్' వచ్చాయి. కంపెనీల పెత్తనం కింద అంచున బతికే మనుషుల కథలవి. ఇప్పుడు చాలామందికి అందులో గుర్తున్నది నియాన్ దీపాలూ, వానకి తడిసిన రోడ్డూ. ఆవిరి యంత్రాల కాలం చుట్టూ అల్లే కథలకి 1987లో రచయిత కె.డబ్ల్యు. జీటర్ 'స్టీమ్‌పంక్' అన్న మాటను సరదాకే పుట్టించాడు. కాబట్టి అందులో మొదటినుంచీ తిరుగుబాటు ఉందని నేననను. అయినా నెల్లిమర్ల జూట్ మిల్లు సైరన్‌కి నిద్రలేచి, గోగునార దుమ్ము పీల్చిన ఇళ్లవాళ్లకి, యంత్రయుగమంటే టోపీకి తగిలించుకునే ఇత్తడి చక్రం కాదు.

సోలార్‌పంక్ విషయంలో మాత్రం నేను రాజీపడలేను. ఆ పచ్చదనం కోసం మన జిల్లాలో ప్రాణాలే పోయాయి. సోంపేట బీల (చిత్తడి) నేలల్లో థర్మల్ ప్లాంటు వద్దని రైతులు, మత్స్యకారులు అడ్డం నిలబడితే, 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ అదే రోజు రద్దు చేసింది. ఆ బీలలో నీళ్లు, తుంగ, చేపలు, దాని చుట్టూ ఊళ్ల బతుకు. భవిష్యత్తు బొమ్మలో అవి ఉండి, వాటిని కాపాడుకున్నవాళ్లు లేకపోతే అది గోడకి తగిలించే క్యాలెండరే. థర్మల్ తీసేసి అదే నేలని అడక్కుండా సోలార్‌కి రాసిచ్చినా నా ప్రశ్న మారదు.

అందం అక్కర్లేదని కాదు. ఆ కుర్రాణ్ణి ఆపి నిలబెట్టింది అందమే. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతుంటే చూడండి. సన్నటి పళ్ల మధ్య నుంచి పోగులు మబ్బులా విడివడతాయి. ఆ చేతిపనిని భవిష్యత్తులో పెట్టి రాసే తెలుగు కథ నాకు కావాలి. అందులో రాట్నానికి సోలార్ మోటారు ఉండనీ. ఆ మోటారు ఎవరిదో, చిలపకి (నూలు చుట్టకి) ఎంత కూలి ఇవ్వాలో ఎవరు తేలుస్తున్నారో కూడా ఉండాలి. ఆ కుర్రాడికి ఇదే చెప్పాను. బీల చూపించమన్నాడు. ఆదివారం సోంపేట వెళ్తున్నాం.