ఏడాదికో పుస్తకం, పుస్తకానికి నాలుగేళ్ళు

ఛాలెంజ్ చెప్పుకోవడానికి ఒక్క ముక్కే: 1895 నుంచి 2015 దాకా ఏడాదికో సైన్స్ ఫిక్షన్ పుస్తకం చదవాలి. నూట ఇరవై పుస్తకాలే కదా అని నడుం బిగించిన వీరుడు మొదటిరోజే పప్పులో కాలేస్తాడు. అవి నూట ఇరవై ఒకటి. రెండు చివరి ఏళ్ళూ లెక్కలోవే మరి. రెండు వారాలకొకటి చొప్పున నమిలేసినా నాలుగున్నరేళ్ళు దాటుతుంది. ‘ఇప్పటి సంవత్సరం దాకా’ అని రాసుకున్నవాడి పని ఇంకా అధ్వాన్నం. ఇతను ఇటు నాలుగేళ్ళు చదివేలోగా అటు చివర ఇంకో నాలుగు గడులు మొలుస్తాయి.

వీరుడు ముందు పుస్తకం తెరవడు, ఎక్సెల్ తెరుస్తాడు. ఏ దశాబ్దానికి ఏ రంగు వెయ్యాలో తేలేసరికి ఒక ఆదివారం హరీమంటుంది. సంవత్సరాలు కదా అని ఆ కాలమ్‌కి డేట్ ఫార్మాట్ పెడతాడు. 1895 అని కొట్టి ఎంటర్ నొక్కుతాడు. గడిలో 1905 మార్చి 9 ప్రత్యక్షం. ఎక్సెల్ దృష్టిలో తేదీ అంటే 1900 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన రోజుల సంఖ్య. 1895 అంటే దానికి 1895వ రోజన్నమాట. (ఆ లెక్కలో 1900 ఫిబ్రవరి 29 అనే రోజు కూడా ఉంటుంది. లోకంలో ఎవరూ చూడని ఆ రోజును కూడా సైన్స్ ఫిక్షన్ కిందే వేసుకోవచ్చు.) పట్టిక చివర 2015 కొడితే 1905 జులై 7 వస్తుంది. నూట ఇరవై ఒక్క ఏళ్ళ సాహిత్యం మొత్తం ఒకే వేసవిలో సర్దుకుపోయింది! రొకేయా హుసేన్ ‘సుల్తానాస్ డ్రీమ్’ వచ్చింది నిజంగానే 1905లో కాబట్టి అది మంచి ఏడాదే, కానీ మరీ ఇంత బరువు మొయ్యలేదు.

ఇలా లాభం లేదని వీరుడు తేదీ, నెలతో సహా పూర్తిగా కొట్టడం మొదలుపెడతాడు. 1900కి ముందు తేదీలు ఎక్సెల్‌కి తేదీలే కావు, ఉత్త అక్షరాలు. సార్ట్ నొక్కితే అంకెలన్నీ పైన, అక్షరాలన్నీ కింద. అలా వెల్స్ ‘టైమ్ మెషీన్’ 1895లో బయల్దేరి 2015 కూడా దాటి అడుగున దిగుతుంది. రచయిత చూసి ఉంటే సంతోషించేవాడేమో. వైద్యం చిన్నదే: సంవత్సరానికి వేరే కాలమ్, దానికి జనరల్ ఫార్మాట్, గడిలో నాలుగంకెలు మాత్రమే. పుస్తకం పేర్ల కాలమ్‌కి టెక్స్ట్ ఫార్మాట్ పెట్టాలి, లేకపోతే ‘1984’ కుడివైపుకి జరిగి తానూ ఒక సంఖ్యనే అంటుంది. పేరు చూసి దాన్ని 1984 గడిలో కూర్చోబెట్టిన వీరులకు కొదవలేదు. అది 1949లో వచ్చింది. ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ 1968ది. 1984 గడి గిబ్సన్ ‘న్యూరోమాన్సర్’ది.

షీట్ దారికొచ్చాక అసలు తిప్పలు మొదలవుతాయి. పుస్తకానికి పుట్టిన సంవత్సరం ఒక్కటే ఉంటుందని ఇంతకాలం నమ్మాం. జమ్యాతిన్ ‘వుయ్’ నవలనే చూడండి. రాసింది 1920-21లో. మొదట అచ్చయింది 1924లో, అదీ ఇంగ్లీషులో. రష్యన్‌లో పూర్తి పుస్తకం 1952లో న్యూయార్క్‌లో వచ్చింది. సొంత దేశంలో వెలుగు చూసింది 1988లో. నాలుగు గడులకు సరిపోయే ఈ పుస్తకాన్ని పేకాటలో జోకర్‌లా దాచుకుని, ఎక్కడ ఖాళీ పడితే అక్కడ దింపేవాళ్ళున్నారు. జూల్ వెర్న్ 1860లలో రాసి పెట్టిన పారిస్ నవల 1994లో అచ్చయింది. 1994 గడిలో వెర్న్ పేరు చూసి ‘తప్పు పడింది’ అని కొట్టేసేవాళ్ళే ఎక్కువ. జగదీశ్ చంద్రబోస్ 1896లో బెంగాలీలో రాసిన తుఫాను కథ 1921లో పెరిగి పెద్దదై, పేరు మార్చుకుని మళ్ళీ వచ్చింది. వెల్స్ 1899 నాటి నిద్రపోతు నవలను తనే తిరగరాసి 1910లో ఇంకోసారి వదిలాడు. 1899 గడి నింపుతూ చేతిలో 1910 పాఠం పట్టుకున్నవాడికి, తాను చదువుతున్నది అది కాదని ముందుమాట చదివితేగానీ తెలీదు. ముందుమాటలు ఎవరు చదువుతారు?

ఇంకో చిత్రం బ్రాడ్‌బరీ ‘మార్షియన్ క్రానికల్స్’. 1950లో వచ్చినప్పుడు కథ 1999 జనవరిలో మొదలయ్యేది. ఆ జనవరి దగ్గరపడుతుంటే 1997 ఎడిషన్‌లో తేదీలన్నీ 31 ఏళ్ళు ముందుకు జరిపారు. గడువు తీరబోతున్న భవిష్యత్తును రెన్యూవల్ చేయించారన్నమాట. పట్టికలో మాత్రం అది 1950దే.

అవార్డుల జాబితా చూసి పట్టిక నింపుదామన్న తెలివి అందరికీ వస్తుంది. సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు 1966లో ‘డ్యూన్’కి (పంచుకున్నదే అనుకోండి) వచ్చింది కాబట్టి 1966లో వేస్తారు. హ్యూగో మామూలుగా అంతకుముందు ఏడాది రచనకు ఇస్తారు. పుస్తకం 1965ది. ఈ ఒక్క పొరపాటుతో కాలమ్ మొత్తం ఒక గడి కిందికి జారిపోతుంది. పైగా హ్యూగోలు మొదలైంది 1953లో, మరుసటేడు అసలు ఇవ్వనేలేదు. ఈ-బుక్ దుకాణాలు చూపించే తేదీ ఆ ఎడిషన్‌ది, ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో కనిపించే విడుదల తేదీ ఆ ఫైలు ఎక్కించిన రోజుది. కాపీరైట్ పేజీలో 10 9 8 7 6 5 4 అని అంకెల వరస ఉంటే అందులో చిన్నదే లెక్క: నాలుగో ముద్రణ. అది ఏ ఏడాదిదో ఆ వరస చెప్పదు. పాత పత్రికల అట్ట మీద జనవరి అని ఉందంటే అది అంగడిలోకి వచ్చింది ముందు ఏడాది చివర్లోనే కావచ్చు. అంత లోతుకు దిగినవాడు మళ్ళీ పైకి రాడు. ఐఎస్‌ఎఫ్‌డీబీ అనే ఇంటర్నెట్ డేటాబేస్‌లో ప్రతి ఎడిషన్ చరిత్రా దొరుకుతుంది. అక్కడొక సంవత్సరం చూసి వద్దామని వెళ్ళినవాడు రెండు గంటలకు తేలతాడు, పుస్తకం మాత్రం పేజీ కదలదు.

‘నవలలే చదవాలి’ అన్న నియమం 1940ల దగ్గర బొక్కబోర్లా పడుతుంది. అప్పట్లో అమెరికాలో సైన్స్ ఫిక్షన్ బతికింది పత్రికల్లో, పుస్తక ప్రచురణకర్తలు దాన్ని పెద్దగా పట్టించుకున్నది లేదు. యుద్ధంతో కాగితం కరువు అదనం. కథల్ని కూడా ఒప్పుకుంటే బండి కదులుతుంది. 1934కి వైన్‌బామ్ ‘ఎ మార్షియన్ ఒడిస్సీ’, 1938కి కాంప్‌బెల్ ‘హూ గోస్ దేర్?’, 1941కి అసిమోవ్ ‘నైట్‌ఫాల్’. ఒక్కోటి ఒక్క పూటలో అయిపోతుంది. 1909 గడికి ఫోర్‌స్టర్ ‘ది మెషీన్ స్టాప్స్’ కూడా కథే. ఇంట్లోంచి కదలకుండా తెరల మీద మాట్లాడుకునే మనుషుల గురించి అప్పుడే రాశాడాయన.

వరసగా మొదటి ఏడాది నుంచి చదవడం మాత్రం వద్దు. పాత ఆదర్శలోకపు నవలల్లో హీరో నిద్రపోయి వందేళ్ళకో రెండొందల ఏళ్ళకో లేస్తాడు. లేవగానే అక్కడి పెద్దమనిషి ఒకాయన కూర్చోబెట్టి ఆర్థిక వ్యవస్థ వివరిస్తాడు. హీరో మేల్కొన్నాడు, ఇక నిద్ర మన వంతు. ఒకటి పాతది, ఒకటి కొత్తది చొప్పున కలిపి చదివితే ప్రాణం నిలుస్తుంది.

చివరికి మిగిలేవి సీరీస్ చిక్కులు. 2010 ఖాళీగా ఉందని చైనా రచయిత లియు సిషిన్ మూడు నవలల సీరీస్‌లో మూడో భాగం ‘డెత్స్ ఎండ్’ని అక్కడ వేసుకుంటాడు వీరుడు. మొదటి రెండూ చదవకుండా మూడోది ఎక్కదు. సరే, అవీ చదువుతాడు. తీరా చూస్తే రెండూ చైనాలో పుస్తకాలుగా వచ్చింది 2008లోనే. ఉన్నది ఒక్క గడి. నాలుగొందల పేజీలు చదివి లెక్కలోకి రాకపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. అప్పుడు గుర్తొస్తుంది, మొదటిది 2006లో పత్రికలో సీరియల్‌గా వచ్చిందని. అడ్డమల్లా షీట్ పైన తను రాసుకున్న నియమమే: ‘పుస్తకంగా వచ్చిన ఏడాదే లెక్క’. అర్ధరాత్రి దాటాక ఆ వాక్యం చెరిపేసి ‘మొదట అచ్చయిన ఏడాదే లెక్క’ అని కొడతాడు.

నియమం అందరికీ ఒకటే కదా! ‘ఫౌండేషన్’ 1951 గడి ఖాళీ చేసి 1942కి వెళ్తుంది. ‘ఫ్లవర్స్ ఫర్ ఆల్జెర్నన్’ 1966 నుంచి 1959కి, ‘డ్యూన్’ 1963కి. కిందటేడు నింపిన గడులు ఒక్కొక్కటే తెల్లబడతాయి. 1898లో ఉన్న ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ సీరియల్‌గా వచ్చింది 1897లో కాబట్టి మూటాముల్లె సర్దుకుని పై గడికి వెళ్తుంది. అక్కడ ‘ఇన్విజిబుల్ మ్యాన్’ ఎప్పట్నుంచో కూర్చునే ఉన్నాడు, వీరుడే చూసుకోలేదు.