చిన్న గుళ్ళని లెక్కలు చూసి మూసెయ్యకండి

జపాన్ గుళ్ళు అనగానే మనోళ్ళు క్యోటో ఫుషిమి ఇనారి ఎర్ర ద్వారాల ఫొటోలే పెడతారు, బాగుంటాయి, కాదనను. కానీ నాకు షింటో (జపాన్ వాళ్ళ సొంత మతం) అంటే సందు చివర నాలుగు పెద్ద చెట్ల కింద ఉండే చిన్న గుడి. పూజారి రోజూ ఉండడు, ఊడ్చేది ఆ వీధివాళ్ళే. బిడ్డ పుట్టి నెల తిరిగాక తీసుకెళ్ళేది అక్కడికే, మూడో ఏడు, ఐదో ఏడు, ఏడో ఏడు మళ్ళీ అక్కడికే. ఇంక పండగొస్తే మికోషి, అదే దేవుడి పల్లకీ, ఎవరు మొయ్యాలి, చందాలెవరు వసూలు చెయ్యాలి, పిల్లలకి జ్యూసులెవరు తేవాలి అని మీటింగులు పెట్టుకుంటారు చూడండి, పక్కింటోళ్ళ పేర్లు తెలిసేదే ఆ మీటింగుల్లో.

అందుకే "జనం తగ్గారు, ఆదాయం లేదు, నాలుగు గుళ్ళు కలిపేస్తే పోలా" అంటే ఒళ్ళు మండుద్ది నాకు. ఆ పని ఒకసారి చేసి చూశారు కదా! 1906లో మెయిజీ ప్రభుత్వం ఊరికో గుడి చాలు, ఆస్తి లేనివాటిని పెద్దదాంట్లో కలిపెయ్యండి అంది. దాదాపు 1,90,000 గుళ్ళుంటే పదేళ్ళు తిరక్కుండానే ఓ 70,000 పోయాయి. మియె, వకయామా ప్రాంతాల్లో మరీ ఘోరం. గుడి పోయాక చుట్టూ ఉన్న వందల ఏళ్ళ చెట్లు కొట్టి అమ్మేసుకున్నారు.

దీనికి అడ్డం పడినాయన మినకత కుమగుసు. వకయామాలోని తనబెలో ఉండేవాడు, స్లైమ్ మోల్డ్‌ల (తేమలో పెరిగే జిగురులాంటి చిన్న జీవుల) మీద పనిచేసిన సైంటిస్టు. చెట్లు పోతే పిట్టలు పోతాయి, పురుగు పెరిగి పంట పోద్ది, గుడి దగ్గర కలిసే జనం కలవడం మానేస్తారు, ఊరి మీద ప్రేమే పోద్ది అని ఆ రోజుల్లోనే రాశాడు. 1910లో గుళ్ళు కలిపించే ఆఫీసరొచ్చిన మీటింగ్‌లోకి దూసుకెళ్ళి గొడవ చేసి జైలుకి కూడా వెళ్ళాడు. ఇంతా చేసి తన పూర్వీకుల ఊరి గుడినే కాపాడుకోలేకపోయాడు, అది చదివినప్పుడల్లా నాకు బాధేస్తది. 1920లో పార్లమెంటు ఎగువ సభ ఇక ఆపమని తీర్మానం చేసింది, అప్పటికి పోవాల్సినవి పోయాయి.

ఇప్పుడు దాదాపు 80,000 ఉన్నాయి, పల్లెల్లో ఒక్క పూజారే పది ఇరవై గుళ్ళు చూసుకుంటున్నాడు. ప్రభుత్వం డబ్బులివ్వాలంటే రాజ్యాంగం ఒప్పుకోదు, హొక్కైడో సునగావాలో సిటీ స్థలంలో గుడికి ఫ్రీగా చోటిస్తే 2010లో సుప్రీంకోర్టు అదీ తప్పే అంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు షింటోని ప్రభుత్వం ఎలా వాడుకుందో చూస్తే ఆ రూల్ ఉండాల్సిందే. కాబట్టి భారమంతా ఆ వీధివాళ్ళదే. కొన్ని చోట్ల బయటివాళ్ళని, ఆడవాళ్ళని, విదేశీయుల్ని కూడా మికోషి మొయ్యడానికి పిలుస్తున్నారు, చాలా మంచి పని. జపాన్‌లో ఉన్న తెలుగోళ్ళకి చెప్పేది ఒకటే, మీ ఏరియా పండగకి చందా అడిగితే ఇవ్వండి, ఊడవడానికి పిలిస్తే చీపురు పట్టుకుని వెళ్ళండి.