ఆల్బరీన్యో: కొత్తదే తాగాలా, నిలవబెట్టాలా?

స్పెయిన్ వాయవ్య మూలన, గలీసియాలో సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన పాయల ఒడ్డున పండే తెల్ల ద్రాక్ష ఆల్బరీన్యో. అక్కడి రియాస్ బైషాస్ వైన్లకు 1988లో ప్రాంతీయ గుర్తింపు వచ్చింది. ఈ వైన్‌ను కొత్తగా ఉన్నప్పుడే తాగేయాలనేది ఒకరి వాదన. పులిశాక అడుగున చేరే ఈస్ట్ మడ్డి మీద నిలవ ఉంచితేనే దాని సత్తా తెలుస్తుందనేది రెండోవారి మాట.

తాజా పక్షం: ఈ వైన్‌కు పేరు తెచ్చింది వాసనండీ. పీచ్, నిమ్మతొక్క, తెల్లపూలు. అందులో చాలా భాగం రసం పులిసేటప్పుడు ఈస్ట్ పుట్టించే ఎస్టర్లు అనే వాసన పదార్థాలది. సీసాలో అవి నెలనెలా విరిగిపోతుంటాయి, వెచ్చటి గదిలో అయితే మరీ తొందరగా. మామూలు సీసాను రెండేళ్లు దాచి తెరిస్తే పీచ్ మాయమై పులుపు మిగులుతుంది.

నిలవ పక్షం: మామూలు సీసాను దాచమని నేనూ చెప్పను. కానీ మీరు "పులుపు మిగులుతుంది" అన్నారే, నాకు కావలసింది అదే. ఈ ద్రాక్షలో టార్టారిక్, మాలిక్ ఆమ్లాలు రెండూ దండిగా ఉంటాయి. నాలుక మీద తాజాగా అనిపించేది వాటివల్లే. ఆ పులుపుకు కండ పట్టించేది మడ్డి. చచ్చిన ఈస్ట్ కణాలు మెల్లగా కరుగుతూ వైన్‌కు నునుపు, రొట్టె వాసన ఇస్తాయి. పాథో దె సెన్యోరన్స్ అనే వైనరీ వారి 'సెలెక్సియోన్ దె అన్యాదా' 30 నెలలకు పైగా మడ్డి మీద ఉంటుంది, అదీ స్టీలు ట్యాంకులో.

తాజా పక్షం: అదే మడ్డి కుళ్లిన గుడ్ల కంపూ తెస్తుంది కదండీ!

నిలవ పక్షం: ముతక మడ్డిని వదిలేస్తే తెస్తుంది. పులియడం ఆగిన కొద్ది రోజుల్లోనే వైన్‌ను పైనుంచి తేర్చి, సన్న మడ్డిని మాత్రమే ఉంచుకోవాలి. మొదటి నెలల్లో వారానికోసారి కలియబెట్టాలి. అడుగున మందంగా పేరుకుంటే గాలి ఆడక గంధకపు వాయువు పుడుతుంది. ట్యాంకు చల్లగా ఉండాలి, వైన్ పాడవకుండా కలిపే సల్ఫైట్ సరిపడా ఉండాలి. లేకపోతే బాక్టీరియా మాలిక్‌ను లాక్టిక్‌గా, అంటే పెరుగులో ఉండే ఆమ్లంగా మార్చేస్తుంది. అప్పుడు పదును పోతుంది. పులుపు మరీ ఎక్కువైన చల్లటి ఏడాదిలో మాత్రం కొంత భాగాన్ని కావాలనే మారనిస్తారు.

తాజా పక్షం: ఆ పండు చేతికి రావడమే గగనం. అట్లాంటిక్ వాన ఏటా 1,600 మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది, బూజు తెగులు పొంచి ఉంటుంది. అందుకే గ్రానైట్ స్తంభాల మీద మనిషెత్తు పందిరి వేస్తారు. మన రంగారెడ్డి తోటల పందిరి లాంటిదే, కానీ అక్కడ అసలు పని గుత్తుల కింద గాలి ఆడించి తడి ఆరబెట్టడం. ఇంత కష్టపడి కాపాడిన వాసనను రొట్టె వాసనతో కప్పేస్తారా?

నిలవ పక్షం: అన్ని తోటలూ ఒకటి కాదు. కడలి ఒడ్డునున్న వాల్ దో సల్నేస్ చల్లన. అక్కడి పులుపు కోసుకుపోతుంది, నిలవకు అదే తగును. లోపలికి, మిన్యో నది వెంట ఉండే కొందాదో దో తేయా వెచ్చన. దాని వైన్ మెత్తన, అది మీకే వదిలేస్తాను.

తాజా పక్షం: మరి భోజనం? రాళ్లకు అంటుకుని పెరిగే, పీతల జాతి సముద్రజీవులైన పెర్సెబెస్‌ను మరిగే ఉప్పునీళ్లలో వేసి, మళ్లీ పొంగు వచ్చాక నిమిషంలో తీసేస్తారు. మసాలా ఏమీ ఉండదు. పచ్చి ఆల్చిప్పలకైతే నిమ్మరసం పిండనక్కరలేదు, ఆ పని ఈ వైనే చేస్తుంది. వీటి పక్కన రొట్టె వాసన అడ్డమే.

నిలవ పక్షం: అది ఒప్పుకుంటాను. కానీ ఆక్టోపస్ సంగతి వేరు. ఉడికించి, కత్తెరతో బిళ్లలుగా కోసి, రాళ్లుప్పు, ఎర్ర మిరపపొడి చల్లి, ఆలివ్ నూనె ధారగా పోస్తారు. ఆ నూనె నోటికి పూతలా పట్టేస్తే కొత్త వైన్ నీళ్లలా జారిపోతుంది. దానికి కండ ఉన్నదే కావాలి.

తాజా పక్షం: సరే, ఆక్టోపస్ మీది. కానీ రెండూ ఒకే చల్లదనంలో పోయకండి. నాది 8 డిగ్రీలు.

నిలవ పక్షం: నాది 11 లేదా 12. అంతకన్నా చల్లగా పోస్తే రొట్టె వాసన లేవదు. 4 డిగ్రీల ఫ్రిజ్‌లోంచి రెండు సీసాలనూ ఒకేసారి తీద్దాం. పావుగంటకు మీది తెరిచి ఆల్చిప్పలు వడ్డించండి. నాది ఐసులో పెట్టకుండా బల్ల మీదే ఉంచండి, ఆక్టోపస్ పళ్లెం వచ్చేసరికి సరిపోతుంది.