ఇంజెక్షన్ కారుకు ఆ ప్లాస్టిక్ ఫిల్టర్ వేయకండి

చెన్నైలో మన తెలుగు కుర్రాళ్లు కార్లు బిల్డ్ చేయించుకోవడం చూస్తే ముచ్చటేస్తుంది. టర్బో, పెద్ద ఇంజెక్టర్లు, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ట్యూనింగ్ అంటూ లక్షలు పోసి, ఆదివారం ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి వెళ్తారు. అదే కారు బానెట్ ఎత్తితే, విడిభాగాల బజారు పుదుపేటలో చేతికందిన ప్లాస్టిక్ ఫ్యూయల్ ఫిల్టర్, ఇంజన్ పొగని బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి జానెడు దూరంలో వేలాడుతూ ఉంటుంది. అది చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

ఆ ఫిల్టర్ కార్బ్యురేటర్ బండ్ల కోసం చేసింది. అక్కడ లైన్లో ప్రెషర్ మామూలుగా అర బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) దాటదు. ఇంజెక్టర్లు పెట్రోలుని ఒత్తిడితో చిమ్మే ఇంజెక్షన్ కారులో దాదాపు 3 బార్ ఉంటుంది. ప్రెషర్ రెగ్యులేటర్‌ని ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి (గాలి లోపలికి వెళ్లే దారికి) కలిపిన టర్బో కారులో 1 బార్ బూస్ట్, అంటే టర్బో తోసే గాలి ఒత్తిడి, పడితే అది 4 అవుతుంది. అంత ఒత్తిడికి ప్లాస్టిక్ అతుకు విడిపోతే పెట్రోలు చుక్కలుగా కారదు, తుంపరలా చిమ్ముతుంది. పక్కనే కాలుతున్న ఎగ్జాస్ట్. లోపల కూర్చున్నది మన తమ్ముడో, మన స్నేహితుడో. "లోపల పెట్రోలు కనపడుతుంది అన్నా, బాగుంటుంది" అని దాన్ని బిగించే మెకానిక్‌ల మీద నాకు కోపం అందుకే. అల్యూమినియం లేదా స్టీలు బాడీ, ఇంజెక్షన్ ప్రెషర్‌కి సరిపోతుందని కంపెనీ రాసిచ్చిన రేటింగ్. ఈ రెండూ లేనిది కొనకండి.

"పంపుకే జల్లెడలాంటి జాలి ఉంది కదా, ఇంకో ఫిల్టర్ ఎందుకు?" అని అడుగుతారు. ఆ జాలి పంపుని కాపాడటానికి, పెద్ద చెత్తని ఆపుతుంది. ఇంజెక్టర్ రంధ్రాలను కాపాడాలంటే పంపు తర్వాత 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) ఫిల్టర్ ఉండాలి. మన తల వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు. అలాగని ఆ 10 మైక్రాన్లది పంపుకి ముందు పెట్టకూడదు. పంపు నెట్టడంలో గట్టిది, పీల్చడంలో బలహీనం. పీల్చే వైపు సన్నటి ఫిల్టర్ పెడితే మన మే నెల ఎండలకి లైన్లోనే పెట్రోలు ఆవిరి బుడగలు కడుతుంది, పంపు అరుస్తుంది. ముందు వైపు 100 మైక్రాన్ల స్టీలు జాలి చాలు.

సైజు విషయంలో కక్కుర్తి పడకండి. చిన్న ఫిల్టర్ సగం మూసుకుపోయినా ఐడిల్‌లో కారు చక్కగానే ఉంటుంది. ఫుల్ థ్రాటిల్ ఇచ్చినప్పుడే రెయిల్లో (ఇంజెక్టర్లకి పెట్రోలు అందించే గొట్టంలో) ప్రెషర్ పడిపోతుంది, మిక్స్చర్ లీన్ అవుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోలు అందదు, నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) మొదలై పిస్టన్ దెబ్బతింటుంది. అప్పుడు అందరూ ట్యూనర్‌ని తిడతారు! ఫిల్టర్‌కి ముందొక గేజ్, తర్వాతొక గేజ్ పెట్టి, లోడ్ మీద రెండు రీడింగులు చూస్తే ఎవరినీ తిట్టే పని ఉండదు.

ఇథనాల్ సంగతి కూడా చూసుకోవాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా అదే. అది తేమని పీలుస్తుంది, చెన్నైలో తేమకి కొదవా? నీరు తగిలితే కాగితం ఫిల్టర్ ఉబ్బి దారి మూస్తుంది. నా ఓటు మైక్రోగ్లాస్ (సన్నటి గాజు పీచు) ఎలిమెంట్‌కి, లేదా కడుక్కునే స్టీలు ఎలిమెంట్‌కి. ఓ-రింగులు కూడా ఇథనాల్‌కి తట్టుకునేవే ఉండాలి.

బిగించే చోటు విషయానికొస్తే, బానెట్ కింద షో కోసం వద్దు. కారు అడుగున, ఛాసిస్ పక్కన, ఎగ్జాస్ట్‌కి అవతలి వైపు, రాళ్లు తగలని చోట, రబ్బరు ఉన్న క్లాంపుతో బిగించండి. బాణం గుర్తు ఇంజన్ వైపు ఉండాలి. మన స్పీడ్ బ్రేకర్లకి అడుగు తగులుతుందేమో ముందే చూసుకోండి. హోస్ ఇంజెక్షన్ రేటింగ్‌ది, అంటే 30ఆర్9 (ఇంజెక్షన్ హోస్ ప్రమాణం గుర్తు) అని అచ్చు ఉన్నది తీసుకోండి. మామూలు స్క్రూ క్లిప్పు రబ్బరుని కోసేస్తుంది, అంచులు మడిచిన ఇంజెక్షన్ క్లాంపే వాడాలి.

అల్లిక హోస్‌ని గ్రైండర్‌తో కోసి అలాగే బిగించడం ఇంకో దరిద్రం. కోసిన చివర వేలు పెట్టి తిప్పి చూడండి, నల్లటి రబ్బరు పొడి, మెరిసే స్టీలు నలుసులు వేలికి అంటుకుంటాయి. ఫిల్టర్‌కి అవతల ఉన్న హోస్‌లో ఆ నలుసులుంటే వాటిని ఆపేదెవరు? నేరుగా ఇంజెక్టర్లోకే పోతాయి. గాలి కొట్టి, పెట్రోలుతో కడిగి, ఆ కడిగిన పెట్రోలు తెల్ల గుడ్డ మీద పోసి మరక రానప్పుడే బిగించండి.

పాత ఫిల్టర్ విప్పే ముందు పంపు ఫ్యూజ్ తీసి, ఇంజన్ ఆగిపోయేదాకా నడిపి, చల్లారాక బ్యాటరీ వైరు విప్పండి. కొత్తది బిగించాక ఫ్యూజ్, బ్యాటరీ వైరు తిరిగి పెట్టి, కీ ఆన్ చేసి పంపు నడవనివ్వండి, ప్రతి అతుకూ చేత్తో తడిమి చూడండి, స్టార్ట్ చేయడం ఆ తర్వాతే. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకోండి. ఇదంతా చేయడానికి మీ షెడ్డు వాళ్లు "టైం లేదు" అంటే, తాళం తీసుకుని వేరే షెడ్డుకి వెళ్లండి.