సమాచారాన్నీ గొలుసుకట్టుగా పారనిద్దాం

పొలాల్లో, చెరువుల్లో, వాగుల్లో సెన్సర్లు పెట్టాలన్న మాట ఇప్పుడు ప్రతి సదస్సులోనూ వినిపిస్తోంది. పెట్టాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ అవి కొలిచిన ప్రతి అంకెనూ ఎక్కడో ఉన్న సర్వర్‌కు చేరవేయాలన్న పద్ధతి తప్పు. గొలుసుకట్టు చెరువుల వరంగల్ నేల ఎరిగినవారికి ఆ తప్పు ఇట్టే తెలియాలి.

ఒక చిన్న లెక్క. కాలువ గట్టు వెంట వంద సెన్సర్లు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కటీ పక్కదానికే కబురు అందించగలదు. అన్ని కొలతలనూ విడివిడిగా చివరిదాకా మోయాలంటే ఒక్క విడతకు 5,050 ప్రసారాలు కావాలి. దారిలోనే కలుపుకుంటూ పోతే 100 చాలు. బ్యాటరీని ఎక్కువగా తినేసేది రేడియోయే. దాని ముందు కూడికల ఖర్చు లెక్కలోకి రాదు. పైగా మొదటి పద్ధతిలో గేట్‌వే (వరుస చివర కబుర్లన్నీ అందుకుని బయటికి పంపే పెట్టె) పక్కనున్న సెన్సర్ వంద కబుర్లూ తానే మోసి అందరికంటే ముందు అలిసిపోతుంది. అది ఆగిన రోజున వెనకున్న 99 బాగానే ఉన్నా మూగబోతాయి. మొత్తం, సంఖ్య, గరిష్ఠం, కనిష్ఠం వంటివి దారిలోనే తేల్చవచ్చని బర్క్‌లీ పరిశోధకులు 2002లోనే ‘ట్యాగ్’ పద్ధతితో చూపించారు.

కలపడంలోనూ ఒడుపు ఉండాలి. మిరప చేనులో ఒక మూల రెండు సెన్సర్ల తేమ సగటు 60 శాతం, మరో మూల ఎనిమిదింటి సగటు 30 అనుకుందాం. సగటులకు సగటు కడితే 45 వస్తుంది. అసలు సగటు 36. నలభై అయిదు ఉందిలే అని తడి ఆపిన రైతు పంట ఎండబెట్టుకుంటాడు. అందుకే మొత్తాన్నీ సంఖ్యనూ రెండిటినీ పైకి పంపాలి.

కలిపేస్తే ప్రమాదం చెప్పే ఒక్క కొలత మరుగున పడుతుందని కొందరి అభ్యంతరం. గరిష్ఠాన్ని కూడా పంపితే పడదు. పరిశోధనకు ముడి లెక్కలు కావాలంటే సెన్సర్ మెమరీలోనే దాచి, అడిగినప్పుడు ఇవ్వవచ్చు.

ఊరి చెరువు నీళ్లు చూసుకునే మన నీరటి చేసింది ఇదే. తెల్లవారుజామున కట్ట మీద నడిచి, తూము రాయి మీద నీరు ఎంతవరకు ఎక్కిందో చూసి, ఊళ్లోకి వచ్చి ఒకే మాట చెప్పేవాడు: “మత్తడి దూకుతోంది.” అంటే చెరువు నిండి పొర్లుతోందని. ఒకదాని కింద ఒకటిగా ఉన్న కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు తన ఆయకట్టుకు కావలసింది నిలుపుకొని, మిగిలిందే కిందికి వదిలేది.

అసలు పేచీ అధికారం దగ్గరే ఉంది. సమాచారం ఎక్కడ పోగైతే నిర్ణయమూ అక్కడికే వెళ్లిపోతుంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచేసింది. అలాంటి రాత్రి ఎగువన కొలిచిన నీటిమట్టం రాజధాని చుట్టి దిగువ ఊరికి రావాలా? వాగు గీత దాటగానే కింది ఊళ్లో సైరన్ మోగాలి. ఆ గీత ఎక్కడ గీయాలో గ్రామసభ తేల్చాలి. హైదరాబాద్‌కు నివేదిక తెల్లవారాక వెళ్లినా సరిపోతుంది.