ఆ నాలుగో అంశం మీదే నా గొడవంతా

"పాత్రను కట్టుకోవడం చేతకానివాళ్లే నియమాలు కష్టమంటారు" అనే సందేశం ఈ వారంలో నాకు నాలుగుసార్లు వచ్చింది. పంపినవాళ్లందరూ నాతో కలిసి రోల్‌ప్లేయింగ్ ఆటలు ఆడేవాళ్లే: బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రను కట్టుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆటలు. అందులో అయిదు అంశాలున్నాయి. విడివిడిగా జవాబిచ్చే ఓపిక నాకు లేదు, అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను.

మొదటిది, ఈ ఆట పుట్టినప్పటి నుంచీ ఇంతే క్లిష్టమట. కాదు. 1974 నాటి డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఉన్నవి మూడే క్లాసులు (యోధుడి వంటి పాత్ర రకాలు). మూడేసి పాచికలు ఆరుసార్లు వేసి, క్లాసు ఎంచుకుని, చేతిలో ఉన్న బంగారంతో కత్తీ కాగడా కొనుక్కుంటే పాత్ర సిద్ధం. మీరు తలకెత్తుకుంటున్న ఫీట్లు (పాత్రకు ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యాలు) 2000లో మూడో ఎడిషన్‌తో వచ్చాయి.

రెండోది, సులువైన ఆటలు పిల్లలకేనట. నియమాలు సులువే గాని పెద్దవాళ్ల కోసం రాసిన అపొకలిప్స్ వరల్డ్ ఒక్క పూట ఆడి వచ్చి ఆ మాట అనండి.

మూడోది, ఎంపికలు పెరిగితే స్వేచ్ఛ పెరుగుతుందట. ఇల్లంతా తలుపులే పెట్టి, మొదటిరోజే సగానికి తాళాలు వేసేస్తే దాన్ని స్వేచ్ఛ అనరు. ఆ తాళాల సంగతి నాలుగో అంశంలోనే చెబుతాను, ఎందుకంటే నాకు కోపం తెప్పించింది అదే.

"బలహీనమైన పాత్ర సోమరితనానికి శిక్ష. పుస్తకం చదివి ఉంటే అలా జరిగేది కాదు." ఇదీ నాలుగోది. మా బల్ల దగ్గరికి ఒక కొత్త స్నేహితురాలు వచ్చింది. శత్రువుల మధ్య గిర్రున తిరుగుతూ చుట్టూ ఉన్న అందరినీ ఒకేసారి కొట్టే యోధురాలు కావాలంది. ఆడేది 3.5 నియమాలతో, అంటే ఆ మూడో ఎడిషన్‌కే సవరించిన రూపంతో. రెండున్నర గంటలు కూర్చుంది, పెన్సిల్‌తో రాసి చెరిపిన చోట కాగితం పలచబడింది. యోధురాలు కదా అని స్ట్రెంగ్త్‌కు (బలానికి) ఎక్కువ అంకె ఇచ్చి, ఇంటెలిజెన్స్‌ను (తెలివిని) 10 దగ్గర వదిలేసింది. ఆడేకొద్దీ పాత్ర లెవెల్ పెరుగుతుంది; నాలుగో లెవెల్‌లో వర్ల్‌విండ్ అటాక్ గురించి, అంటే ఆ గిర్రున తిరిగి కొట్టే ఫీట్ గురించి అడిగింది. దానికి ముందు నాలుగు ఫీట్లు ఉండాలి. ఇంటెలిజెన్స్ 13 ఉండాలి. లెవెళ్లతో వచ్చే పెంపునే నమ్ముకుంటే ఆ 13 పన్నెండో లెవెల్‌కు గాని రాదు. ఆ మాట చెప్పాక ఆమె కాగితం మడిచి పుస్తకంలో పెట్టింది. మళ్లీ రాలేదు.

ఆమె సోమరా? గిర్రున తిరిగి కత్తి దూయడానికి చదువు కావాలని ఎవరికి తడుతుంది?

టఫ్‌నెస్ ఫీట్ చూడండి. పేరు చూసి ఏ కొత్త ఆటగాడైనా తీసుకుంటాడు. ఇచ్చేది మూడు హిట్ పాయింట్లు (పాత్ర ఎంత దెబ్బకు తట్టుకుంటుందో చెప్పే అంకె), పదో లెవెల్‌కు కూడా అవే మూడు. 2009లో, ఇవే నియమాల మీద కట్టిన పాత్‌ఫైండర్ అనే ఆట దాన్ని లెవెల్‌తో పాటు పెరిగేలా మార్చింది. తప్పంతా చదవనివాళ్లదే అయితే ఆ మార్పు ఎందుకు? మూడో ఎడిషన్ రూపకర్తల్లో ఒకరైన మాంటే కుక్, నియమాలపై పట్టు సాధించినవాళ్లకు లాభం ఉండాలనే కొన్ని ఎంపికలను కావాలనే మిగతావాటికంటే తక్కువగా ఉంచామని, ఏది ఎప్పుడు పనికొస్తుందో పుస్తకంలో చెప్పలేదని తర్వాత తానే రాశాడు. ఆ పద్ధతి పూర్తిగా మంచిదని ఇప్పుడు అనుకోవడం లేదని కూడా రాశాడు. కట్టినవాడే వెనక్కి తీసుకున్న మాటను పట్టుకుని మీరు కొత్తవాళ్లను నిందిస్తున్నారు.

అయిదోది: అంకెలు చూసుకునేవాళ్లకు కథ పట్టదనడం అన్యాయం. దీన్ని కాదనను, ఇన్నాళ్లూ అలా అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. గర్ప్స్ అనే మరో ఆటలో పాత్రను పాయింట్లతో కొనుక్కోవాలి, పాత్రకు ఏదైనా భారం తగిలిస్తే కొన్ని పాయింట్లు మిగులుతాయి. మాలో లెక్కల పిచ్చి అందరికంటే ఎక్కువున్న వ్యక్తి, అందులో నాలుగు పాయింట్లు మిగుల్చుకోవడానికి తన పాత్రకు ఒక ఆశ్రితుణ్ణి తగిలించాడు, పోషించాల్సిన చిన్న తమ్ముణ్ణి. ఆర్నెల్ల పాటు మా కథంతా ఆ పిల్లవాడి చుట్టూనే తిరిగింది. వాడికి జ్వరం వచ్చిన రోజున బల్ల దగ్గర ఎవరూ పాచిక ముట్టుకోలేదు.

ఆ అయిదో అంశాన్ని ఎంతమందికైనా పంపండి. నాలుగోది మాత్రం తీసేసి పంపండి.